ఫుటేజ్ ఆరుసార్లు చూశాను, కళ్ళెదుట జరిగింది ఒక్కసారీ కనపడలేదు. ఎందుకని?

చీరలకొట్టు_గుంటూరు:

అందరికీ నమస్కారం. ఏ కెమెరా కొనాలి అని అడగడం లేదండి, కెమెరా ముందు కూర్చున్న మన కళ్ళ గురించి అడుగుతున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, కానీ మొత్తం చెబితే గానీ నా బాధ అర్థం కాదు.

మాది చీరల షాపు, మా నాన్నగారు పెట్టింది. లోపల ఎనిమిది కెమెరాలు, క్యాష్ కౌంటర్ వెనక అవన్నీ రికార్డయ్యే డీవీఆర్ పెట్టె, దానికో 24 అంగుళాల మానిటర్. శ్రావణమాసం రద్దీలో ఒక శనివారం రాత్రి స్టాక్ చూసుకుంటే గద్వాల్ పట్టుచీర ఒకటి తగ్గింది, పద్నాలుగు వేలది, ఆకుపచ్చ అట్టపెట్టెతో సహా. బిల్లు పడలేదు, అరలో లేదు, ఫాల్స్ కుట్టడానికి పంపినవాటిలోనూ లేదు. ఆ రోజు పట్టుచీరల దగ్గర కూర్చున్నది మా దగ్గర రెండేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి.

షట్టర్ దించేసి ఫుటేజ్ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం 3 నుంచి 6 దాకా, ఒక్క మూడో కెమెరాదే, ఎనిమిది రెట్ల స్పీడులో పెట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా ఆరుసార్లు చూశాను. నా చూపంతా ఆ అమ్మాయి చేతుల మీదే. మడత పెడుతోందా, పక్కన పెడుతోందా, చున్నీ ఎందుకు సర్దుకుంది, ఇలా. ఒకచోట వంగి కౌంటర్ కింద ఏదో పెట్టినట్టు అనిపించి ఆ ముక్కనే ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్కలేదు. అది మంచినీళ్ళ సీసా అని తర్వాత తెలిసింది. ఆదివారం పొద్దున పిలిచి అడిగాను. అరవలేదు గానీ అడిగిన తీరు మంచిది కాదు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మధ్యాహ్నం మా ఆవిడ క్యారేజీ తెచ్చింది. నేను అన్నం తింటుంటే మానిటర్ మీద అదే ఫుటేజ్ మామూలు స్పీడులో నడుస్తోంది. నేనేం వెతుకుతున్నానో ఆమెకు చెప్పలేదు. ఊరికే చూస్తూ, "ఈవిడ పక్కన ఆకుపచ్చ పెట్టె ఉంది కదా, లేచి వెళ్ళేసరికి లేదేంటి?" అంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. తెరకి ఎడమవైపు, పరుపు చివర ఒక పెద్దావిడ, పక్కన గుడ్డ సంచి. 4:17కి పెట్టె మీద తువ్వాలు కప్పింది, రెండూ కలిపి సంచిలో పెట్టుకుంది. పన్నెండు సెకన్లు. అడ్డంగా ఎవరూ లేరు, చీకటి లేదు.

అంత స్పష్టంగా ఉన్నది నాకు ఆరుసార్లు ఎందుకు కనపడలేదు? పెద్ద కంట్రోల్ రూముల్లో రోజంతా తెరలు చూసేవాళ్ళు ఎలా చూస్తారు? ఇంకోసారి ఇలాంటిది వస్తే ఎలా చూడాలి? ఆ అమ్మాయి ముఖం గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగుండటం లేదు, అందుకే అడుగుతున్నా.

చూపు_ల్యాబ్:

నేను ఇంగ్లండ్‌లో కంటిచూపు మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో ఉంటానండి. తెర మీద మనిషి చూపు ఎక్కడ ఆగుతోందో క్షణక్షణం నమోదు చేసే ఐ ట్రాకర్‌తోనే నా పని. మీకు జరిగింది కంటి దోషం కాదు, అశ్రద్ధ అసలే కాదు.

చెయ్యి బారుగా చాపి బొటనవేలి గోరు చూడండి. కంటికి బాగా పదునుగా కనిపించే మేర దాదాపు అంతే. మీ మానిటర్‌కి రెండడుగుల దూరంలో కూర్చుంటే అది తెర మీద రెండు సెంటీమీటర్ల ముక్క. మిగతా తెరంతా మసకే, కానీ మసక అని మనకు తెలియదు, ఎందుకంటే చూపు సెకనుకు మూడు నాలుగుసార్లు గెంతుతూ ఉంటుంది, ఎటు గెంతితే అటు పదునుగా కనిపిస్తుంది, దాంతో తెర మొత్తం చూశామనే నమ్మకం కలుగుతుంది. మీరు నిజంగా చూసింది ఆ అమ్మాయి చేతుల చుట్టూ ఉన్న ముక్కల్ని. ఎడమ చివర ఏం జరిగిందో మీ చూపు పదునుగా అందుకునే ఉండదు.

చూపు ఎటు గెంతాలో చాలావరకు మనం వేసుకున్న ప్రశ్నే తేలుస్తుంది. యార్బస్ అనే సోవియట్ శాస్త్రవేత్త 1960లలో దీన్ని అందంగా చూపించాడు. రేపిన్ అనే రష్యన్ చిత్రకారుడి బొమ్మ ఒకటి ఉంది, ఎవరూ ఎదురుచూడని మనిషి ఇంట్లోకి అడుగుపెడుతుంటే ఇంట్లోవాళ్ళు తలెత్తి చూస్తుంటారు. ఒకే మనిషికి ఒకే బొమ్మ చూపించి ప్రశ్న మార్చి మార్చి అడిగాడు. వీళ్ళ వయసులెంత అంటే చూపు ముఖాల మీద తిరిగింది, వీళ్ళ ఆర్థిక పరిస్థితి ఏంటి అంటే బట్టల మీదకి, సామాను మీదకి పోయింది. చూపు నడిచిన గీతలు పక్కపక్కన పెడితే ఇవి ఒకే బొమ్మవి అంటే నమ్మరు. మీరు "ఈ అమ్మాయి ఎప్పుడు తీసింది?" అనే ప్రశ్నతో కూర్చున్నారు. మీ ఆవిడ ఏ ప్రశ్నా లేకుండా చూశారు. తేడా అక్కడే ఉంది.

ఇంకో సంగతి, ఇది చాలామంది ఒప్పుకోరు. చూపు సరిగ్గా దాని మీదే ఆగినా కనపడకపోవచ్చు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం వినే ఉంటారు: వీడియోలో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, మధ్యలోంచి గొరిల్లా వేషంలో మనిషి నడిచి వెళ్ళినా దాదాపు సగం మందికి కనపడలేదు. వాళ్ళు మామూలు జనం కదా అంటారేమో. 2013లో అమెరికాలో 24 మంది రేడియాలజిస్టులకు, అంటే స్కాన్‌లు చూసి జబ్బు చెప్పే డాక్టర్లకు, ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లు ఇచ్చి గడ్డలు వెతకమన్నారు, ఒక స్కాన్‌లో చిన్న గొరిల్లా బొమ్మ అతికించారు, వాళ్ళు వెతుకుతున్న గడ్డకంటే 48 రెట్లు పెద్దది. 20 మందికి కనపడలేదు. ఆ 20 మందిలో ఎక్కువమంది చూపు నేరుగా దాని మీదే ఆగిందని ఐ ట్రాకర్ చెప్పింది. ఏళ్ళ తరబడి అదే పని చేసేవాళ్ళండి వాళ్ళు.

సీసీ కెమెరా ఫుటేజ్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సినిమాలో అయితే ఎటు చూడాలో దర్శకుడు, ఎడిటర్ ముందే సిద్ధం చేసిపెడతారు, క్లోజప్ ఉంటుంది, వెలుగు ఉంటుంది, అందుకే హాల్లో వందమంది చూపూ ఒకేచోటికి పోతుంది. మీ మూడో కెమెరా అలా ఏమీ చెప్పదు. పైనుంచి వెడల్పుగా, కదలకుండా, మనుషులు చిన్నగా. అలాంటి చోట చూపు తెర మధ్యకి, కదిలేవాటి మీదకి, ముఖాల మీదకి పోతుంది. నెమ్మదిగా, అంచున, కూర్చునే చేసే పని మీదకి పోదు.

చీరలకొట్టు_గుంటూరు:

చాలా థాంక్సండి. బొటనవేలి గోరు పెట్టి చూశాను, నిజమే. ఆ ముక్క పక్కనున్న అక్షరాలు కూడా చదవలేకపోతున్నా. మరి కంట్రోల్ రూముల్లో వాళ్ళు ఎలా నెట్టుకొస్తారు?

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:

నేను చెబుతానన్నా. ఒక పెద్ద మాల్ కంట్రోల్ రూములో తొమ్మిదేళ్ళు చేశాను, అందులో నాలుగేళ్ళు రాత్రి డ్యూటీ. ముందు ఒక అపోహ పోవాలి. గోడ నిండా తెరలు, వాటిలో అరవైనాలుగు గళ్ళు, ఆపరేటర్ అన్నీ చూస్తుంటాడు అని బయటివాళ్ళు అనుకుంటారు. ఎవడూ చూడడు, చూడలేడు. గోడ మీద ఊరికే చూపు తిప్పుతుంటాం, ఏదైనా గుచ్చుకుంటే ఆ ఒక్క కెమెరాని ఎదురుగా ఉన్న పెద్ద మానిటర్ మీదకి లాగుతాం, అసలు చూడటం అక్కడ మొదలవుతుంది. ఫ్లోర్ మీద గార్డు వాకీటాకీలో "ఆపోజిట్ లిఫ్ట్, బ్లాక్ షర్ట్" అంటే దాన్ని బట్టి లాగేది కూడా చాలా ఎక్కువ.

అనుభవం మీద నేర్చుకున్నది చెప్తా. ముఖం ఆఖర్న చూస్తాం. ముందు చేతులు, తర్వాత సంచి. సంచి లోపలికి వచ్చేటప్పుడు భుజం మీద ఎలా వేలాడింది, బయటికి పోయేటప్పుడు ఎలా వేలాడుతోంది. ఖాళీ సంచి నడిచేటప్పుడు ఊగుతుంది, బరువు పడితే ఊగదు, ఆ మనిషి భుజం కూడా ఒక పక్కకి దిగుతుంది. తర్వాత నడక తీరు: సరుకు చూసేవాడు సరుకు చూస్తాడు, ఇంకో పని మీద వచ్చినవాడు స్టాఫ్ ఎక్కడున్నారో చూస్తాడు. ఇది నేను చాలాసార్లు కళ్ళారా చూశాను.

కానీ ఇప్పుడు పైన సార్ ప్రశ్నదే తేడా అన్నారు కదా, దాని మీద నాకో అభ్యంతరం ఉంది. ప్రశ్న లేకుండా చూడటం వదిన విషయంలో కుదిరింది ఎందుకంటే మామూలు స్పీడులో ఒక్క కెమెరా, ఒక్క కౌంటర్. మా గోడ ముందు ఏ అనుమానం లేకుండా కూర్చుంటే ఎనిమిది గంటలూ ఏమీ కనపడకుండానే పోతాయి. అనుమానం మాకు పనిముట్టు. కాకపోతే అనుమానం మనిషి మీద కాదు, కదలిక మీద ఉండాలని మాకు మొదట్లో నేర్పిన సీనియర్ చెప్పేవాడు. ఒకసారి ఒక కుర్రాడి బట్టలు చూసి రెండు గంటలు వాడి వెనకే కెమెరా తిప్పాను, అదే టైములో పక్క ఫ్లోర్లో ఒకావిడ పర్సు పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కుర్రాడు ఏమీ చెయ్యలేదు, జ్యూస్ తాగి పోయాడు.

చూపు_ల్యాబ్:

మీరన్నది సరైనదేనండి, నేను సగమే చెప్పాను. మీ అనుభవానికి సరిపోయే పరిశోధనలు ఉన్నాయి. 2013లో వచ్చిన ఒకదాంట్లో శిక్షణ పొందిన సీసీటీవీ ఆపరేటర్లకు, మామూలు మనుషులకు నిజమైన సీసీటీవీ క్లిప్పులే చూపించి, అనుమానం ఎంత ఉందో జాయ్‌స్టిక్ తోసి చెప్పమన్నారు, చూపు కూడా నమోదు చేశారు. ఆపరేటర్ల చూపులు ఒకదానితో ఒకటి ఎక్కువగా కలిశాయి, వాళ్ళ అనుమానాలు కూడా. అంటే ఎక్కడ చూడాలో పని నేర్పింది. ఇంకో ముచ్చట ఏంటంటే, ముందు అందరి చూపులూ ఒక చోట కలిసేవి, ఆ తర్వాత సెకనులో కొన్ని వంతులకి చేతులు జాయ్‌స్టిక్ తోసేవి. అదే ఏడాది మరో పరిశోధనలో పని చేస్తున్న కంట్రోల్ రూములోనే ఆపరేటర్ల చూపు కొలిచారు. మీరు చెప్పినట్టే, గోడ మీది గళ్ళకంటే ఎదురుగా ఉన్న ఒక్క మానిటర్ మీదే చూపు ఎక్కువసేపు ఉంది.

అయితే అందరూ ఒకేచోట చూడటంలో ఒక ప్రమాదం కూడా ఉంది. అందరూ ఒకేలా నేర్చుకుంటే అందరికీ ఒకేచోట గుడ్డిమచ్చ ఏర్పడుతుంది. మీ కుర్రాడి బట్టల సంగతి అదే.

రాత్రి డ్యూటీ అన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ విమానదళంలో రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్ళు కాసేపటికి చుక్కలు పట్టుకోలేకపోతున్నారని గమనించారు. మాక్‌వర్త్ అనే ఆయన అంకెలు లేని గడియారం లాంటిది తయారుచేశాడు, ముల్లు అడుగు అడుగుగా కదులుతుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు గెంతుతుంది, అది చెప్పాలి, రెండు గంటలపాటు. 1948లో అచ్చయింది. మొదటి అరగంట దాటేసరికే తప్పిపోయేవి పెరిగాయి. దానికి తోడు, వెతికేది అరుదైతే ఇంకా తప్పిపోతుంది. 2005లో వుల్ఫ్ అనే పరిశోధకుడి బృందం, తెర మీది బొమ్మల్లో పనిముట్లు వెతకమని చెప్పి దీన్ని చూపించింది: సగం బొమ్మల్లో పనిముట్టు ఉన్నప్పుడు వదిలేసినవి 7 శాతం, నూటికి ఒక్కదాంట్లో ఉన్నప్పుడు 30 శాతం. షాపు ఫుటేజ్‌లో దొంగతనం అంతకంటే అరుదు కదా.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:

అరగంట మాట వంద శాతం కరెక్ట్. మాకు ఇద్దరం ఉన్నప్పుడు ముప్పై నలభై నిమిషాలకోసారి కుర్చీలు మారేవాళ్ళం, ఎవరూ చెప్పకుండానే అలవాటైంది. ఒక్కడినే ఉన్న రాత్రులు మూడు గంటలప్పుడు తెర కనపడుతూనే ఉంటుంది గానీ లోపలికి ఏమీ ఎక్కదు.

ఇక అన్న అడిగిన అసలు విషయం, జరిగిపోయిన ఫుటేజ్‌లో వెతకడం. అది లైవ్ చూడటం కంటే పూర్తిగా వేరే పని. దానికి మేం చేసేది: మనిషిని చూడం, వస్తువుని చూస్తాం. పెట్టె 3 గంటలకి ఉంది, 6 గంటలకి లేదు. అయితే నాలుగున్నరకి ఆపి చూడు. లేదు. మూడుంపావు, మూడున్నర కాదు, నేరుగా మధ్యకి పో, మూడూ నలభై ఐదు. ఉంది. ఇప్పుడు ఆ నలభై ఐదు నిమిషాలని మళ్ళీ సగం చెయ్యి. మూడు గంటల ఫుటేజ్ ఏడుసార్లు విరిస్తే ఒకటిన్నర నిమిషం దగ్గరికి వచ్చేస్తావు. అప్పుడు ఆ ఒకటిన్నర నిమిషాన్ని మామూలు స్పీడులో, అటు ఇటు రెండు నిమిషాలు కలిపి, ప్రశాంతంగా చూడు. పెట్టె అరలోంచి దిగి పరుపు మీద అటు ఇటు తిరుగుతుంటే విరిచేటప్పుడు కొంచెం తికమక అవుతుంది, అప్పుడు ఆఖరిసారి ఎక్కడ కనపడిందో అది పట్టుకోవాలి.

ఎనిమిది రెట్ల స్పీడు మాత్రం వద్దన్నా. పన్నెండు సెకన్ల పని ఒకటిన్నర సెకన్లో అయిపోతుంది, ఆ లోపల చూపు నాలుగైదు గెంతులు వేస్తుంది అంతే, ఒక్కటి కూడా అటు పడకపోవచ్చు. పైగా చాలా డీవీఆర్‌లు స్పీడు పెంచితే మధ్యలో ఫ్రేములు వదిలేస్తాయి.

కోర్టుపని_రాజమండ్రి:

క్రిమినల్ కేసుల్లో పనిచేసే లాయర్నండి. అందరూ బాగా చెబుతున్నారు, కానీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపేసింది. పెద్దావిడ తువ్వాలు "కప్పింది" అని రాశారు. కప్పింది అంటే దాచే ఉద్దేశం ఉంది అని. ఫుటేజ్‌లో కనపడేది తువ్వాలు పెట్టె మీద పడటం. ఉద్దేశం తెర మీద ఉండదు, దాన్ని మనం చేరుస్తాం. మొదట ఆ అమ్మాయి వంగితే కూడా ఇలాగే చేర్చారు కదా. తప్పుపట్టడం లేదండి, కోర్టులో రోజూ చూసేదే ఇది.

దీని మీద 2016లో అమెరికాలో పరిశోధన జరిగింది. ఒకే ఘటన వీడియో కొందరికి మామూలు వేగంతో, కొందరికి స్లో మోషన్లో చూపించారు. స్లో మోషన్లో చూసినవాళ్ళు ఆ మనిషి కావాలనే చేశాడని ఎక్కువగా అన్నారు, ఎందుకంటే ఆలోచించుకోవడానికి వాడికి టైమ్ ఉన్నట్టు కనపడుతుంది. అసలు ఎన్ని సెకన్లు గడిచాయో తెర మీద చూపించినా ఆ భావన పూర్తిగా పోలేదు. మీరు ఆ పన్నెండు సెకన్లని నెమ్మదిగా, ఆపి ఆపి చూసి ఉంటారు. ఒకసారి మామూలు వేగంలో, శబ్దం ఉంటే శబ్దంతో చూడండి.

కెమెరా ఎవరివైపు ఉందో కూడా తీర్పు మారుస్తుంది. పోలీసు విచారణ వీడియోలో కెమెరా ఒక్క నిందితుడినే చూపిస్తే అతను ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది, పోలీసు అధికారి కూడా సమానంగా కనిపిస్తే ఆ భావన తగ్గుతుంది. లాసిటర్ అనే ఆయన ఏళ్ళపాటు దీని మీద పనిచేశాడు. న్యూజిలాండ్‌లో ఇద్దరూ పక్కనుంచి కనిపించేలా కెమెరా పెట్టే పద్ధతి తెచ్చుకున్నారు. మీ మూడో కెమెరా ఎవరివైపు ఉంది? కౌంటర్ వెనక కూర్చునే మీ మనుషుల వైపేనా? చాలా షాపుల్లో అంతే ఉంటుంది, పెట్టినప్పుడే పనివాళ్ళని చూడటానికి పెడతారు.

మిగతావి త్వరగా చెబుతాను. ఆ క్లిప్‌ని ఫోన్‌తో మానిటర్ మీంచి వీడియో తీసి వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తప్పని తేలితే పరువునష్టం కింద మీ మీదకి వస్తుంది, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. డీవీఆర్ పాత ఫుటేజ్ మీద కొత్తది రాసుకుంటూ పోతుంది కాబట్టి ముందు అసలు ఫైల్ పెన్ డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి, ముందూ వెనకా అరగంట కలిపి, మిగతా ఏడు కెమెరాలవి కూడా. కేసుదాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్‌లో ఏ కొంచెం మార్చినా మారిపోయే కోడ్) రాయాలి, 2024 జులై 1 నుంచి అదే పద్ధతి. డీవీఆర్ గడియారం సెల్‌ఫోన్ టైమ్‌తో ఎంత తేడా ఉందో కూడా ఇవాళే రాసి పెట్టుకోండి, నాలుగైదు నిమిషాల తేడా మీద కేసులు తిరిగిపోవడం చూశాను.

మిగతా కెమెరాలు చూశారా అసలు?

చీరలకొట్టు_గుంటూరు:

లేదండి. మూడోది ఒక్కటే చూశాను. అది కౌంటర్ వెనకనుంచి మా వాళ్ళ వైపే ఉంది, మీరు చెప్పేదాకా తట్టలేదు. ఇవాళ అన్నీ తీసి చూసి చెబుతాను.

చీరలకొట్టు_గుంటూరు:

నాలుగు రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి మీకు.

ముందు ఆ అమ్మాయిని పిలిచి, అందరి ముందే, నేను తప్పుగా అడిగాను అని చెప్పాను. తర్వాత నా పక్కన కుర్చీ వేసి ఆ 4:17 ముక్క చూపించాను, మామూలు స్పీడులో, ఏమీ చెప్పకుండా. పెద్దావిడ ముఖం అందులో సగమే కనపడుతుంది, అదీ మసకగా. చూడగానే "ఈ మామ్మగారు నరసరావుపేట వాళ్ళు కదా బాబాయ్, పెళ్ళి బట్టలకి వచ్చారు, అల్లుడుగారు నాలుగు పట్టుచీరలు తీసుకున్నారు" అంది. ఆవిడ ఎవరో నేను ఇప్పటికీ గుర్తుపట్టలేను. ఆ పిల్ల గంటసేపు వాళ్ళకి చీరలు చూపించింది కాబట్టి గుర్తుంది.

ఆమే ఇంకో మాట అంది. "ఆయన క్యాష్ దగ్గరికి వెళ్ళేటప్పుడు, అత్తయ్యగారూ ఆ పెట్టెలు జాగ్రత్త, అన్నారు." అప్పుడు ఒకటో కెమెరా, క్యాష్ కౌంటర్‌ది, తీశాం. 4:11కి అల్లుడుగారు బిల్లు కడుతున్నారు, నాలుగు పెట్టెలూ మా కుర్రాడు అప్పటికే మోసుకొచ్చి అక్కడ కవర్లో పెట్టేశాడు. అన్నీ ఆకుపచ్చవే, ఆ నేతగాడి సరుకంతా అదే రంగు పెట్టెల్లో వస్తుంది. పరుపు మీద మిగిలిపోయిన ఐదో పెట్టె చూసి, ఇది మనదే, మర్చిపోయారు అనుకుని ఉంటారు ఆవిడ. తువ్వాలు కప్పలేదండి. సంచిలోంచి తువ్వాలు తీసి, పెట్టెని సంచి అడుగున పెట్టి, మళ్ళీ తువ్వాలు పైన వేశారు, కిందపడకుండా ఇరుకున సర్దినట్టు. మూడో కెమెరా కోణంలో పై భాగమే కనపడుతుంది.

బిల్లు మీద ఫోన్ నంబరు ఉంది. చేశాను. చీర పోయింది అనలేదు, లెక్కలో పొరపాటు వచ్చిందేమో ఒకసారి పెట్టెలు లెక్కపెడతారా అన్నాను. పెళ్ళి వచ్చే వారం, అందుకని ఇంకా ఎవరూ విప్పలేదట. పది నిమిషాల్లో ఆయనే తిరిగి చేశారు, ఐదున్నాయి అని. మర్నాడు పొద్దున్నే బస్సులో వచ్చి పెట్టె ఇచ్చి వెళ్ళారు, మామ్మగారు చాలా నొచ్చుకుంటున్నారని చెప్పారు. నేను నొచ్చుకోవద్దని చెప్పమన్నాను. ఇద్దరు మనుషుల్ని దొంగలనుకున్నాను నేను, ఇద్దరూ కాదు.

చూపు_ల్యాబ్:

చదివి చాలా సంతోషం కలిగింది. ఆ అమ్మాయి మసక ముఖాన్ని గుర్తుపట్టడం గురించి ఒక్క మాట. స్కాట్లాండ్‌లో 1999లో చేసిన ప్రయోగంలో, యూనివర్సిటీ సెక్యూరిటీ కెమెరాలో నాసిరకంగా పడ్డ లెక్చరర్లను వాళ్ళ స్టూడెంట్లు ఇట్టే గుర్తుపట్టారు. ఆ లెక్చరర్లు ఎవరో తెలియనివాళ్ళు తడబడ్డారు, పోలీసు అధికారులు కూడా. గుర్తుపట్టింది నడకని బట్టో ఒంటిని బట్టో కాదు, ఎక్కువగా ముఖాన్ని బట్టే, అంత మసకలోనూ. తెలిసిన ముఖానికి మసక ఫుటేజ్ సరిపోతుంది, తెలియని ముఖానికి మంచి ఫుటేజ్ కూడా చాలదు. అందుకే షాపులో ఆ మనిషితో మాట్లాడినవాళ్ళనే ముందు చూడమనాలి.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:

బాగుందన్నా. ఫోన్లో నువ్వు అడిగిన తీరు ఇంకా బాగుంది.

మూడో కెమెరా సంగతి: దాన్ని పీకి పారెయ్యకు, ఎదురు గోడకి, తలకంటే రెండడుగుల పైన ఇంకోటి పెట్టించు, పరుపు మొత్తం పడేలా, కొనేవాళ్ళు మీవాళ్ళు ఇద్దరూ పక్కనుంచి కనపడేలా. సీలింగ్ కొసన పెడితే అందరి నడినెత్తే కనపడుతుంది. పెట్టాక నువ్వే ఆవిడ కూర్చున్నచోట కూర్చుని ఒక పెట్టె సంచిలో పెట్టుకుని, మానిటర్‌లో చేతులు కనపడుతున్నాయా లేదా ఒకసారి చూసుకో.

చీరలకొట్టు_గుంటూరు:

రేపు కెమెరా అబ్బాయి వస్తున్నాడు. ఎక్కడ బిగించాలో పట్టుచీరల దగ్గర కూర్చునే ఆ అమ్మాయినే చూపించమన్నాను, ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆమెకే బాగా తెలుసు.